గోలీలు, చింతపిక్కలు, ఊట నీళ్లు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన యువతతో మాట్లాడిన ప్రసంగ పాఠం)



నీటి యాజమాన్యం మీద మాట్లాడమని మాకు చెప్పారు. ఆ మాట వినగానే మీలో సగం మంది చేతుల్లోకి ఫోన్లు వస్తాయని మాకు తెలుసు. మిమ్మల్ని తప్పు పట్టం. ఈ పేరుతో మన ఊళ్లలో జరిగే సమావేశాలు మీరూ చూశారు, మేమూ చూశాం. జీపు వస్తుంది. బడి అరుగు మీద కుర్చీలు వేస్తారు. వచ్చినాయన నీరే ప్రాణాధారం అని మొదలుపెట్టి గంట సేపు చెబుతారు. మన పెద్దలు తలలూపుతారు. ఆఖర్న సంతకాల పుస్తకం తిరుగుతుంది, వేలిముద్రలు పడతాయి, బిస్కెట్ల పొట్లాలు పంచుతారు. మర్నాడు పై వాడ వాళ్లు మళ్లీ కాలువ తమ మడుల్లోకి తిప్పుకుంటారు. కింది వాడ వాళ్లు మళ్లీ రాత్రిపూట పార పట్టుకుని బయల్దేరతారు.

నీరు ప్రాణాధారమని మే నెలలో రెండు బిందెలతో గెడ్డ దిగి ఎక్కే మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. మనకు తేలనిది ఇంకొకటుంది. ఒకే ఊట మీద బతికే నలభై గడపలు ఎవరి వాటా ఎంతో ఎలా తేల్చుకోవాలి? తేల్చుకున్న మాట వానలు తప్పిన ఏడాది కూడా నిలబడాలంటే ఏం చేయాలి? ఇది ఉపన్యాసం విని నేర్చుకునే సంగతి కాదు. ఆడి నేర్చుకునే సంగతి. అందుకే ఈ పూట మేము ఆటల గురించి, వేషాల గురించి మాట్లాడతాం.

వేషాలంటే మనకు కొత్తేమీ కాదు. ఇటుకల పండగకు వేటకెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాళ్లను ఆడవాళ్లు ఎలా ఆట పట్టిస్తారో ఇక్కడున్న అమ్మలను అడగండి. ఆ రోజుల్లో దారికి అడ్డంగా దుంగ పెట్టి, వచ్చేపోయే బండిని ఆపి, డబ్బులు వసూలు చేసేదీ వాళ్లే. మిగతా ఏడాదంతా గట్టిగా నోరు విప్పని మనిషి కూడా ఆ నాలుగు రోజులూ బస్సు డ్రైవరుతో బేరమాడుతుంది. ఆటలో ఉన్నప్పుడు మనిషికి మామూలప్పుడు లేని నోరు వస్తుంది. నీళ్ల తగువులో మనకు కావలసింది ఆ నోరే.

ముందు దూరదేశం సంగతి ఒకటి చెబుతాం. ఆఫ్రికాలో టాంజానియా దేశంలో ఉసంగు అనే మైదానం ఉంది. గ్రేట్ రువాహా అనే నది నీళ్లు దాని గుండా పోతాయి. ఎగువన వరి పండించే రైతులు, దిగువన చిత్తడి నేలల్లో పశువులు మేపుకునేవాళ్లు, ఇంకా దిగువన అడవి జంతువుల పార్కు, ఆ తర్వాత కరెంటు తీసే జలాశయం. 1990ల నుంచి ఆ నది ఎండాకాలంలో పార్కు దగ్గర ఎండిపోవడం మొదలైంది. తప్పు నీదంటే నీదని అందరూ అందరి మీదా వేలు చూపించారు. అక్కడ పనిచేసిన బ్రూస్ లాంక్‌ఫర్డ్ అనే ఇంగ్లండు పరిశోధకుడు ఒక ఆట తయారు చేశాడు. ఏటవాలుగా పెట్టిన ఒక పెద్ద చెక్క పలక. దాని మీద పైనుంచి కిందికి నది దారి. పక్కన అక్కడక్కడ పొలాల్లాగా గుంటలు. నీళ్లకు బదులు గాజు గోలీలు. ఆడేవాళ్లు నది దారిలో చిన్న పుల్లలు అడ్డం పెట్టి గోలీలను తమ గుంటలోకి మళ్లించుకోవాలి.

పైనుంచి గోలీలు వదలగానే ఏమవుతుందో మీరు ఊహించగలరు. ఎగువన కూర్చున్నవాడు పుల్ల పెడతాడు. అతని గుంట నిండి పొర్లినా పుల్ల తీయడు, మళ్లీ వస్తాయో రావోనన్న భయం. చివర్న కూర్చున్నవాడికి రెండో మూడో గోలీలు దొర్లుకుంటూ వస్తాయి, ఒక్కోసారి అవీ రావు. అప్పుడు ఆట ఆపి చోట్లు మారుస్తారు. ఎగువ రైతు చివరికి వెళ్తాడు. ఖాళీ గుంట ముందు కూర్చుని, పై నుంచి గోలీలు దొర్లుతున్న చప్పుడు వింటూ ఉంటాడు. చప్పుడు వినిపిస్తుంది, గోలీ రాదు. ఆ తర్వాత అందరూ కలిసి కూర్చుని పుల్లలు ఎక్కడ పెట్టాలో, ఎంతసేపు పెట్టాలో మాట్లాడుకుంటారు. ఉసంగు రైతులు ఈ ఆట నిజంగానే ఆడారు. పలక, పుల్లలు, గోలీలు. ఇందులో మన ఊళ్లో దొరకనిది ఏముంది చెప్పండి?

రెండోది మనకు ఇంకా దగ్గరి పోలిక. భూటాన్‌లో లింగ్‌ముతేచు అనే వాగు లోయలో లింబుఖా, దొంపోలా అని రెండు ఊళ్లున్నాయి. లింబుఖా ఎగువన, దొంపోలా దిగువన. మన పాడేరు, అరకు వైపు మెట్లు మెట్లుగా ఉండే మడుల్లాగే వాళ్లవీ కొండవాలు మడులు. నాట్ల వేళ ఎగువ ఊరి పని ముగిసి, ఆనవాయితీగా వస్తున్న రోజు వచ్చేదాకా కిందికి నీళ్లు సరిగా వదలరు. కింది ఊరి నాట్లు ఆలస్యమవుతాయి. ఈ తగువు తరాల నుంచి నడుస్తోంది. 2003లో పరిశోధకులు రెండు ఊళ్ల రైతులనూ కూర్చోబెట్టి, ఆ ఊళ్లనే ఆటగా మార్చి ఆడించారు. ముందు ఎవరి ఊరివాళ్లు వాళ్లలో వాళ్లే మాట్లాడుకుని ఆడారు. తర్వాత అందరూ కలిసి మాట్లాడుకుని ఆడారు. మూడోసారి ఊళ్లు మార్చేశారు. లింబుఖా రైతులు దొంపోలా వాళ్లయ్యారు, దొంపోలా వాళ్లు లింబుఖా వాళ్లయ్యారు.

ఊరు మార్చడం చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ అసలు పట్టు అక్కడే ఉంది. మన పై వాడ, కింది వాడ తగువుల్లో ఏళ్ల తరబడి ఎవరి మాట వాళ్లదే. మా ఊట, మా తాతలు కట్టిన గట్టు అని వీళ్లు. నీళ్లకు హద్దు రాయి ఉందా అని వాళ్లు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ఒక్కసారి అవతలివాడి మాట మన నోటితో, మన గొంతుతో, నలుగురి ముందు పలకాల్సి వస్తే అది అంత తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదని అప్పుడు తెలుస్తుంది.

మూడోది మన రాష్ట్రంలో జరిగింది. అనంతపురం జిల్లా మీరు చూడకపోయినా విని ఉంటారు, రాతి నేల, బోర్ల మీద బతుకు. అక్కడి గ్రామాల్లో ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే స్వచ్ఛంద సంస్థ, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ వాళ్లతో కలిసి భూగర్భ జలాల ఆట ఆడించింది. ఐదుగురు ఆటగాళ్లు. ఒక్కో ఏడాది ఒక్కో విడత. నీళ్లు తక్కువ తాగి తక్కువ డబ్బిచ్చే పంట వేస్తావా, నీళ్లు ఎక్కువ తాగి ఎక్కువ డబ్బిచ్చే పంట వేస్తావా అన్నదే ప్రశ్న. మొదట ఎవరితోనూ మాట్లాడకుండా ఆడాలి, తర్వాత మాట్లాడుకుని ఆడాలి. ఆట అయ్యాక ఊరంతా కూర్చుని ఏం జరిగిందో చర్చించుకోవాలి. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే, ఆట ఆడని ఊళ్లకంటే ఆడిన ఊళ్లు నీటి లెక్కల పుస్తకం పెట్టుకోవడం, నీటి వాడకానికి కట్టుబాట్లు చేసుకోవడం ఎక్కువగా జరిగిందని పరిశోధకులు 2018లో ప్రకటించారు. ఆడని ఊళ్లలో కూడా అదే సంస్థ పనిచేస్తోంది, సమావేశాలు పెడుతోంది. తేడా ఆట దగ్గరే వచ్చింది.

ఇక మన ఆటకు వద్దాం. మేము గత రెండు మూడేళ్లుగా హాస్టల్ పిల్లలతో, ఊళ్లలో కుర్రాళ్లతో ఆడిస్తున్నది ఇది. వామనగుంటలు ఆడటం మీ అమ్మమ్మల దగ్గర నేర్చుకునే ఉంటారు. అదే మట్టి, అవే చింతపిక్కలు, లెక్క మాత్రం వేరు.

నేల మీద మధ్యలో ఒక పెద్ద గుంట తవ్వండి. అది ఊట. చుట్టూ ఐదు చిన్న గుంటలు, ఐదు కుటుంబాలు. ఊట గుంటలో 30 పిక్కలు వేయండి. ఏడాది మొదట్లో వాన పడుతుంది, 10 పిక్కలు కలపండి. ఇప్పుడు ఐదుగురూ రెండో పంటకు ఏం వేస్తారో గుప్పిట్లో చెప్పాలి. గుప్పిట్లో పిక్క ఉంటే వరి, ఖాళీగా ఉంటే ఆరుతడి పంట. అందరూ ఒకేసారి గుప్పిట విప్పాలి. వరి వేసినవాడు ఊట నుంచి 3 పిక్కలు తీసుకుంటాడు, 5 మార్కులు వస్తాయి. ఆరుతడి వేసినవాడు 1 పిక్క తీసుకుంటాడు, 2 మార్కులు వస్తాయి. ఏడాది చివర 30 పిక్కల కంటే ఎక్కువ మిగిలితే పైవి తీసేయండి, అవి గెడ్డలో కలిసిపోయినట్టు. 10 కంటే తగ్గితే తాగే నీళ్లకు కరువొచ్చినట్టు. అందరికీ తలా 3 మార్కులు కోత. వరి వేసినవాడికీ కోతే, వేయనివాడికీ కోతే.

మొదటి ఆట మాట్లాడకుండా ఆడించండి. ఎక్కడ ఆడినా జరిగేది దాదాపు ఒకటే. మొదటి ఏడాది ఇద్దరు వరి వేస్తారు. వాళ్ల మార్కులు చూసి రెండో ఏడాది నలుగురు వేస్తారు. ఆ తర్వాత ఐదుగురూ. ఐదుగురూ మొదటి నుంచీ వరే వేస్తే ఐదో ఏడాది చివరికి ఊటలో 5 పిక్కలే ఉంటాయి. లెక్క కట్టి చూసుకోండి, ఏటా 10 వస్తున్నాయి, 15 పోతున్నాయి.

రెండో ఆటలో మాట్లాడుకోనివ్వండి. ప్రతి ఏడాదికీ ముందు కాస్త సమయం చాలు. ఇక్కడే పిల్లలు మమ్మల్ని ఆశ్చర్యపరుస్తారు. ఎనిమిదో తరగతి పిల్లలు పావుగంటలో లెక్క పట్టేశారు. ఇద్దరు వరి, ముగ్గురు ఆరుతడి వేస్తే మొత్తం 9 పిక్కలు, వాన 10, ఊట నిలుస్తుంది. ముగ్గురు వరి వేస్తే 11, ఊట తరుగుతుంది. అయితే ఆ ఇద్దరూ ఎవరు? అక్కడ మొదలవుతుంది గోల. వంతులు వేసుకుందామన్నది ఒక అమ్మాయి. ఈ ఏడాది వీళ్లిద్దరు, వచ్చే ఏడాది వాళ్లిద్దరు. బాగానే ఉంది. మూడో ఏడాది వంతు కానివాడు గుప్పిట విప్పితే పిక్క కనబడింది. ఏరా అంటే నవ్వాడు. మిగతా నలుగురూ నవ్వలేదు.

ఆ నవ్వని క్షణం దగ్గర ఆట ఆపి కూర్చోబెట్టాలి. మాట తప్పినవాడిని ఏం చేయాలి? జరిమానా వేయాలా? ఎవరు వసూలు చేయాలి? వాడు నీ సొంత మేనమామ కొడుకైతే ఏం చేస్తావు? మన ఊళ్లలో బారికి చాటింపు వేసేవాడు, పెద్దలు రచ్చలో కూర్చునేవారు, తప్పు కట్టించేవారు. ఆ కట్టుబాటు ఇప్పుడు కొన్ని ఊళ్లలో ఉంది, కొన్ని ఊళ్లలో పేరుకే ఉంది. మూడో ఆటలో ఆ కట్టుబాటు పిల్లలే రాసుకోవాలి. ఆటకు ఒక బారికి ఉండాలి. మేము చూసినంతలో పిల్లలు పెట్టుకునే జరిమానాలు పెద్దలకంటే కఠినం. తరవాతి ఆటకు వాళ్లే తగ్గించుకుంటారు.

ఈ ఆట మీద మా ఫిర్యాదు కూడా చెప్పాలి. ఇందులో ఐదు కుటుంబాలూ సమానం. నిజం అలా ఉండదు. ఒకడి మడి ఊట పక్కనే, ఇంకొకడిది కొండ కింద. ఒకడికి కాఫీ తోట, మోటారు ఉన్నాయి, ఇంకొకడికి అసలు తడి భూమే లేదు, తాగే నీళ్లే కావాలి. బయటి సంస్థలు తెచ్చే ఆటల్లో ఇదే తిరకాసు. నియమాలు రాసినవాడు ఎవరిని ఆటలో కూర్చోబెట్టాడో చూడండి, ఎవరిని వదిలేశాడో కూడా చూడండి. కొన్ని ఆటలు జవాబు ముందే రాసిపెట్టుకుని వస్తాయి. ఆట అయ్యేసరికి వాళ్లకు కావలసిన తీర్మానం మన నోట వచ్చేస్తుంది. అలాంటిది మీ ఊరికి వస్తే నియమాలు మార్చి ఆడమనండి. భూమి లేని ఇంటికి ఒక గుంట తవ్వమనండి. కొండకు అవతలి ఊరికి కూడా ఒకటి. ఎందుకంటే మన ఊట నింపే వాన మన ఊట దగ్గరే పడక్కర్లేదు. రాతి పొరల వాలును బట్టి అది గుట్ట పైన, ఒక్కోసారి గుట్ట అవతలి పక్కన నేలలోకి ఇంకి ఇక్కడ బయటికొస్తుంది. సిక్కింలో 2008 నుంచి ధారా వికాస్ అనే కార్యక్రమం కింద ఊట బయటికొచ్చే చోటు వదిలి, నీరు ఇంకే చోటు ఎక్కడో కనిపెట్టి అక్కడ కందకాలు తవ్వారు. మన దగ్గర ఆ చోటు పక్క పంచాయతీలో ఉంటే? ఆ ఊరివాళ్లకు మన ఆటలో ఒక కుర్చీ ఉండొద్దా?

ఆట లెక్క నేర్పుతుంది. వేషం మాట నేర్పుతుంది. అందుకని రెండోదాని గురించి కాస్త ఎక్కువ చెబుతాం.

కథ చిన్నది. గుట్ట మీది ఊట నుంచి ఊరికి పైపు వేయాలి. మధ్యలో కొంత అడవి శాఖ భూమి. గ్రామసభ జరుగుతోంది. పాత్రలు పంచండి. పై వాడ రైతు, కింది వాడ ఇల్లాలు, మోటారు పెట్టుకున్న తోట ఆసామి, సర్పంచి, బీటు గార్డు, నీటి సరఫరా ఇంజనీరు, దుబాసీ. ఇంకొక పాత్ర ఊట. ఆ వేషం కట్టినవాళ్లు ఒక బకెట్టు పిక్కలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. తీర్మానం అయ్యాక, తీర్మానంలో అడిగినన్ని పిక్కలు తన దగ్గర ఉన్నాయో లేవో లెక్క పెట్టి చూపించడమే పని. చాలాసార్లు ఉండవు. అందరూ గంట సేపు వాదించుకుని లేని నీళ్లు పంచుకున్నారని అప్పుడు తేలుతుంది.

దుబాసీ పాత్ర ఎందుకంటారా? ఊరివాళ్ల పాత్రలు తమ భాషలోనే మాట్లాడాలని మేము గట్టిగా పెట్టుకున్నాం. కువి అయితే కువి, ఆదివాసీ ఒరియా అయితే ఒరియా. ఇంజనీరు, గార్డు తెలుగులో మాట్లాడతారు. మధ్యలో దుబాసీ. ఒకసారి ఒక ముసలమ్మ వేషం కట్టిన పిల్ల రెండు నిమిషాలు చెప్పింది. ఊట దగ్గర చెట్టు కొట్టిన సంగతి, అక్కడ చేసే పూజ సంగతి, ఆ ఏడాది నుంచి నీరు సన్నబడిన సంగతి. దుబాసీ దాన్ని తెలుగులోకి తిప్పి, నీళ్లు చాలడం లేదంటోంది సార్ అన్నాడు. అంతే. చూస్తున్నవాళ్లు పగలబడి నవ్వారు. నవ్వి, తర్వాత ఊరుకున్నారు. మన గ్రామసభ పుస్తకాల్లోకి ఎక్కేది ఆ నాలుగు ముక్కలేనని అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ హాస్టల్లో దుబాసీ వేషానికే పోటీ ఎక్కువ. ముసలమ్మ చెప్పింది చెప్పినట్టు తెలుగులో చెప్పగలిగినవాళ్లకే ఇస్తున్నారు.

బీటు గార్డు దగ్గరికి రండి. ఆ వేషం కట్టినవాడు ఇది ఫారెస్టు, పైపు వేయడానికి వీల్లేదు అంటాడు. మొదటిసారి ఆడినప్పుడు ఊరివాళ్ల వైపు నుంచి బతిమాలడం తప్ప ఏమీ రాదు. రెండోసారి ఆడేముందు చట్టం చదివించండి. అటవీ హక్కుల చట్టం, 2006. అందులో సెక్షన్ 3(2) కింద ఊరికి కావలసిన 13 రకాల సౌకర్యాలకు అటవీ భూమి ఇవ్వొచ్చు. తాగునీటి సరఫరా, పైపులైన్లు, చెరువులు, చిన్న నీటి వనరులు అందులో ఉన్నాయి. ఒక్కో పనికి భూమి హెక్టారు కంటే తక్కువ ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. అలాగే 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించమంటుంది. మన రాష్ట్రంలో దానికి 2011లో నిబంధనలు వచ్చాయి. ఇవన్నీ కరపత్రంలో చదివితే రెండో లైనుకే నిద్రొస్తుంది. గార్డు టోపీ పెట్టుకుని ఎదురుగా నిలబడ్డవాడికి జవాబు చెప్పాలన్నప్పుడు సెక్షను నంబరు దానంతటదే గుర్తుంటుంది.

గార్డు వేషం ఊరివాళ్లే కట్టాలి, అదీ తెలివైనవాళ్లు కట్టాలి. అతన్ని దుర్మార్గుడిలా చూపించి నవ్వుకుంటే మనకు ఒరిగేదేమీ లేదు. అతనికీ పైన ఒక అధికారి ఉంటాడు, అతని చేతికీ ఒక రూలు పుస్తకం ఉంటుంది. అతని వైపు నుంచి బలమైన వాదన వస్తేనే మన వాదన పదునెక్కుతుంది. మన ఏజెన్సీ గెడ్డల మీద పంప్డ్ స్టోరేజీ కరెంటు ప్రాజెక్టుల ప్రతిపాదనలు వస్తున్న రోజులివి. రేపు అలాంటి ఫైలు ఏ గ్రామసభ ముందుకైనా రావచ్చు. ఆ రోజు మొదటిసారి నోరు విప్పడం కంటే, ముందే పదిసార్లు వేషంలో విప్పి ఉండటం నయం కదా.

రెండు జాగ్రత్తలు. బతికున్న మనిషి పేరు పాత్రకు పెట్టకండి, మీ ఊరి అసలు తగువును అదే ఊళ్లో మొదటి ఆటగా ఆడకండి. ముందు వేరే ఊరి కథ ఆడండి. చేతులు అలవాటయ్యాక మీ కథ దగ్గరికి రండి. ఇంకొకటి, ఆడపిల్లలకు ఎప్పుడూ బిందె వేషమే ఇవ్వకండి. జలజీవన్ మిషన్ నియమాల ప్రకారం ఊరి నీటి సంఘంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, నీటి పరీక్ష కిట్టు వాడటానికి ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు శిక్షణ ఇవ్వాలి. కాగితం మీద ఉన్న ఆ సగం నిజంగా కుర్చీలో కూర్చోవాలంటే సర్పంచి వేషం, ఇంజనీరు వేషం ఇప్పటి నుంచే వాళ్లకు దక్కాలి.

ఆఖరుగా లెక్క. లెక్క లేని ఆట ఉత్త వినోదం. 15 లీటర్ల బకెట్టు, ఫోన్లో స్టాప్‌వాచి చాలు. ఊట నీరంతా బకెట్టులో పడేలా పెట్టి నిండటానికి ఎంతసేపు పట్టిందో చూడండి. నిమిషంలో నిండితే గంటకు 900 లీటర్లు, రోజుకు 21,600. మనిషికి రోజుకు 55 లీటర్లన్నది జలజీవన్ మిషన్ లెక్క. 200 మంది ఉన్న ఊరికి 11,000 చాలు. అంటే వానాకాలం చివర దండిగా ఉన్నట్టే. అదే ఊట మే నెలలో బకెట్టు నిండటానికి 4 నిమిషాలు తీసుకుంటే రోజుకు 5,400 లీటర్లు, మనిషికి 27. ఇందులోనూ రాత్రి పది గంటలు పారేది తొట్టెలో పట్టకపోతే 2,250 లీటర్లు గెడ్డ పాలు. కింది వాడకు నీళ్లు లేవన్న గొడవలో కొంత భాగం పై వాడ చేసింది కాదు, తొట్టె లేకపోవడం చేసింది. ఈ సంగతి మేము చెబితే మీరు మర్చిపోతారు. మీ ఊట దగ్గర మీరే కొలిచి, ఆ పిక్కలు మీరే గుంటలో పోస్తే మర్చిపోరు.

కొలత నెలకు ఒకసారి, అదే తేదీన, అదే చోట తీయండి. ఎవరు కొలిచారో పుస్తకంలో రాయండి. పన్నెండు నెలల అంకెలు చేతికొస్తే మీ ఊరికి మీరే ఆట తయారు చేసుకోవచ్చు. 30 పిక్కలు, 10 పిక్కలు అన్న మా లెక్క పక్కన పడేయండి, మీ ఊట ఎన్ని ఇస్తుందో అన్నే వేయండి. ఏ ఊరు ముందు ఆ పుస్తకం పూర్తి చేస్తే, వచ్చే ఏడాది ఈ వేదిక మీద మా బదులు ఆ ఊరివాళ్లే మాట్లాడతారని సంఘం పెద్దలతో ముందే ఒప్పించాం.

ఇక మాటలు చాలు. ఏటవాలు పలక, గోలీలు ఆ మూల ఉన్నాయి. పిక్కలు రెండు సంచులు తెచ్చాం. పలక దగ్గరికి ఆరుగురు రండి, వెనక వరుసల్లో కూర్చున్నవాళ్లు ముందు. పై వాడ పిల్లలు పలక చివర కూర్చోండి, కింది వాడ పిల్లలు పైన.